మగ్గం చప్పుడు ఆగలేదు

నయీంనగర్ నాలా నీళ్లు
మూడుసార్లు వడగట్టినా వాసన పోలేదు.
ఆ వాసనలోనే ఉంది అది, బాక్టీరియాను తినేది.
ఏడో సీసాలో దొరికింది కనుక
నోట్‌బుక్‌లో దాని పేరు ఎన్ఎన్-ఏడు.

మే నెల. బయట నలభై నాలుగు.
వాటర్ బాత్‌లో ముప్పై ఏడు.
ఈ మధ్యాహ్నం కాకతీయ యూనివర్సిటీలో
చల్లగా ఉన్న ప్రాణులు నా ఫ్లాస్కులోవే.
"గవ్వే నయం మేడం" అంటాడు కొమ్రయ్య,
కరెంటు పోతే జనరేటర్ కాడికి ఉరకడానికి
చెప్పులు విడవకుండా గడపలో కూచుని.

సున్నా నిమిషం. ఫేజ్ పోశాను.

ఒక్కో కణంలో వేల యంత్రాలు,
డీఎన్ఏ పడుగు మీద ఆర్ఎన్ఏ నేస్తూ.
ఎక్కడ మొదలుపెట్టాలో
వేలు పెట్టి చూపడానికి సిగ్మా అని ఒక చిన్న ముక్క.
వచ్చింది యంత్రాన్ని విరగ్గొట్టదు.
విరగ్గొడితే తన బట్ట ఎవరు నేస్తారు?
ఆ వేలును మాత్రం పట్టుకుంటుంది,
మెల్లగా, తన వైపు తిప్పుతుంది.

రెండో నిమిషం, నాలుగు, ఎనిమిది.
ప్రతిసారీ ఒక చుక్క రేడియో యూరిడిన్,
ఆపైన ఐసులో ఆసిడ్, ఆపైన ఫిల్టర్ కాగితం.
రాత్రి కౌంటర్ అంకెలు చెప్పింది:
పద్దెనిమిది వేలు. పదకొండు. ఆరు.
నాలుగు వేల దగ్గర నిలబడిపోయింది.
సున్నా కాలేదు.
కడగడంలో తప్పు చేశానేమోనని
రుక్సానా మేడం దగ్గరికి పోయాను.
"తప్పు కాదు. ఆ నాలుగు వేలు ఎవరివో అడుగు."

అడగడానికి వారం పట్టింది.
పొర మీద ఒక పక్క బాక్టీరియా డీఎన్ఏ,
ఒక పక్క ఫేజ్ డీఎన్ఏ.
ఎనిమిదో నిమిషపు ఆర్ఎన్ఏను వదిలితే
పుట్టింటి వైపు చూడనే లేదు,
పోయి వచ్చినదానికే అతుక్కుంది.

అప్పుడు కొత్తవాడ గుర్తొచ్చింది.
సేటు గ్రాఫు కాగితాలు తెచ్చిన సంవత్సరం.
అంతకు ముందు మా నాయిన ఓదెలు చేతిలో
తాత నేర్పిన ఏనుగు నడక అంచు ఉండేది,
కాగితం లేకుండా, పంజా దెబ్బల లెక్కలో.
ఆ సంవత్సరం నుంచి మగ్గం ఇంకా ఎక్కువ ఆడింది.
"ఓదెలుకేంది, రాత్రి రెండింటిదాకా చప్పుడే"
అన్నారు గల్లీలో.
మేమూ అట్లనే అనుకున్నాం,
ఆ చప్పుడుకు నిద్రపోవడం అలవాటైన పిల్లలం.
ఒకనాడు తెల్లారి
నాయిన పంజా పట్టుకుని ఊరకే కూచున్నాడు.
"మనదెట్లుండె బిడ్డా, అంచు?
మూడు ఎర్రవేనా, నాలుగా?"

ఇరవై రెండో నిమిషం.
మసకగా ఉన్న ఫ్లాస్కు
వెలుతురుకు పట్టి చూస్తే తేట నీళ్లు.
అవతల కిటికీలు కనిపిస్తున్నాయి.
కొన్ని కోట్ల ఇళ్లు పగిలితే వచ్చిన తేట.

నాకు ఎన్ఎన్-ఏడు మీద కోపం రావాలి.
రాదు.
ఎంజీఎం వార్డులో ఒకాయన కాలు పుండులో
ఇదే బాక్టీరియా మూడు మందులను మింగి కూచుంది.
దాని మగ్గాన్ని ఎవరైనా ఇట్లా పట్టుకుంటే బాగుండునని
మేడం అడగకుండానే అనుకుంటాను.
రెండు కోరికలూ నావే. ఒకదాన్ని ఒకటి కొట్టేయవు.

ఆదివారం నాయినకు చెప్పాను,
అన్నం కంచం ముందు, చేతులతో గీసి చూపిస్తూ.
తల ఊపుతూ విన్నాడు.
ఒక్కటే అడిగాడు:
"మరి ఆ పాత దారం ఏం జేస్తది?"
ముక్కలు ముక్కలుగా కత్తిరించి
తన దాంట్లనే కలుపుకుంటది నాయినా, అన్నాను.

చాలాసేపు పప్పు కలుపుతూ ఉన్నాడు.
"సేటు గాదు గదా అది," అన్నాడు చివరికి.
"నూలు పారెయ్యని నేతగాడు."
ఆ మాటలో మెచ్చుకోలు ఎంతో, మంట ఎంతో
ఏ కౌంటర్ చెప్పదు నాకు.